పచ్చితొక్క మరక

జిల్లా విద్యా కార్యాలయంలో
జవాబు పత్రాలను యంత్రానికి మేపడం నా ఉద్యోగం.
పదమూడేళ్ళుగా.
కాగితానికి నలభై ప్రశ్నలు, ప్రశ్నకు నాలుగు సున్నలు.
ఒక సున్న నల్లబడితే అది జవాబు,
రెండు నల్లబడితే ఏదీ కాదు.
పోనీలే పాపం అనడం యంత్రానికి రాదు.

ఈ అక్టోబరులో కొండల మీదినుంచి
కిజిల్-జంగాక్ బడి కట్ట వచ్చింది,
ముప్పై ఒక్క కాగితాలు, చుట్టూ మేకవెంట్రుకల తాడు.
యంత్రం వాటిని మింగి, కాసేపు దగ్గి,
సగటు చెప్పింది: నలభైకి తొమ్మిది.

సాయంత్రానికల్లా గోడమీది పట్టికలో
ఆ బడి గీత ఎర్రగా, పొట్టిగా, అందరికన్నా అడుగున.
"అడవి పిల్లలు" అన్నారు డైరెక్టరుగారు.
మూడు రోజుల్లో సంజాయిషీ కావాలన్నారు.

వచ్చింది. ఒరోజ్‌బెక్ మాస్టారి దస్తూరీ:
"ఇది అక్రోటుల కాలం.
పిల్లలు తెల్లారకముందే లేచి పచ్చితొక్కలు ఒలుస్తారు.
ఆ రసం సబ్బుకి పోదు, బూడిదకి పోదు.
పాత చర్మం ఊడి కొత్తది రావాల్సిందే.
మిగతాది కాగితాలనే అడగండి."
అంతే. చిత్తగించవలెను కూడా లేదు.

ఆ రాత్రి కట్ట విప్పాను.
కాగితం నిండా వేళ్ళు.
సున్నల మీద, సున్నల నడుమ, అంచుల్లో,
కన్నీళ్ళకి చెదిరిన కాటుకలా.
వేలిముద్ర అంటే
అక్షరం రానివాడి సంతకం అనే కదా విన్నాం.
ఇక్కడ ముద్ర కిందే ఉంది జవాబు,
పెన్సిలుతో గట్టిగా రుద్దినది,
మరకకీ రాతకీ తేడా తెలియడానికి
మామూలు కన్ను చాలు.

ఐనాజిక్ తోక్తోసునోవా, ఎనిమిదో తరగతి.
యంత్రం ఇచ్చింది ఆరు.
నేను దిద్దితే ముప్పై ఏడు.
కాగితం తిప్పాను, వెనకవైపు యంత్రం చదవదు.
అక్కడ చీమల బారులా ఇంకో లెక్క:
నాలుగు బస్తాలు, తరుగు పోను నూటఆరు కిలోలు,
వ్యాపారి తక్కెడ మింగేది కిలోకి యాభై గ్రాములు,
పిండి, తమ్ముడి బూట్లు, అమ్మ పంటికి డాక్టరు,
మిగిలేది రెండువందల డెబ్భై సోమ్‌లు.
కరెంటు పోతే ఫోను వెలుగులో మూడుసార్లు సరిచూశాను.
ఎక్కడా తప్పు లేదు.
ఎక్కించడానికి గడీ లేదు.

పొద్దున నా మార్కుల జాబితా పట్టుకెళ్ళాను, సగటు ఇరవై ఎనిమిది.
డైరెక్టరుగారు మంచాయనే, టీ పోశారు.
"నీ కన్ను మీద నాకు నమ్మకమే, తుర్సునాయ్.
రేపు ప్రతి బడీ తనవాడి కన్ను ఒకటి పంపిస్తేనో?"
దానికి నాలుగు సున్నలు కూడా ఇవ్వలేదాయన.
టీ చల్లారింది.
ఆయనది తప్పని ఈరోజుకీ అనలేను,
అందుకే నిద్ర పట్టదు.

ఆదివారం పాలలారీ ఎక్కి పైకి వెళ్ళాను.
చెట్ల కింద గోనెపట్టా మీద కూర్చోబెట్టి
నా ముందు కూడా ఒక కుప్ప పోశారు.
నేను పది ఒలిచేలోపు ఐనాజిక్ ముప్పై ఒలిచి నవ్వింది.
తర్వాత తలెత్తకుండా అడిగింది:
"నాకెన్ని వచ్చాయి, ఎజే?"
"ముప్పై ఏడు" అన్నాను.
ఏ రిజిస్టరులోనూ లేని అంకె,
నోటినుంచి వచ్చాక భయం వేసింది.
పిల్ల సంబరపడలేదు.
"పోయిన మూడూ ఏవి?"
పదిహేడు, ఇరవై రెండు, ముప్పై తొమ్మిది.
చివరిది భిన్నాల లెక్క, పుల్లతో మట్టిలో వేసి చూపించాను.
"ఓ, హారం మర్చిపోయా" అని
ఇంకో కాయ అందుకుంది.

సోమవారం అర్జీ రాశాను,
పరీక్షను ఒక నెల వెనక్కి జరపమని.
కింద సంతకం పెట్టి కాగితం ఎత్తి చూస్తే
అంచున నా బొటనవేలు, నల్లగా, గీతలతో సహా.
టైపిస్టు పిల్ల కొత్త కాగితం చాపింది.
వద్దన్నాను.